ఎన్నికల వేడి చల్లారాక: కలుపుకుపోయే నాయకత్వం కోసం ఒక్క పేజీ ఉత్తరం రాయడం ఎలా?

అందరినీ కలుపుకుపోయే నాయకుడు రావాలని కోరుకోనివాళ్లు ఉండరు. ఆ కోరికతో వచ్చిన చిక్కల్లా ఒకటే. దానికి ఏ నాయకుడైనా తలూపుతాడు, ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు. అదే కోరిక కాగితం మీదికి ఎక్కి, కంటికి కనపడే పనిగా మారి, పక్కన ఒక గడువు పడితే అప్పుడు జవాబు చెప్పాల్సినవాళ్లు ఎవరో తేలుతుంది. వేర్వేరు పార్టీలకు ఓటేసిన ఎనిమిది, పదిమంది ఒక సాయంత్రం రెండుగంటలపాటు కూర్చుని, అందరూ సంతకం పెట్టగలిగే ఉత్తరం రాసుకునే పద్ధతి ఇది.

శరత్తు దీనికి బాగా కుదిరే కాలం. కోతలు అయిపోయినచోట పొలం పని తగ్గుతుంది, సాయంత్రాలు తొందరగా చీకటిపడతాయి, మనుషులు ఇళ్లలో దొరుకుతారు. అమెరికాలో ఎన్నికలు నవంబరులో జరగడం వెనక ఉన్నదీ ఇలాంటి లెక్కే. నవంబరు తొలి సోమవారం మర్నాటి మంగళవారాన్ని పోలింగ్ రోజుగా 1845లో చట్టం చేశారు. అప్పటికి కోతలు అయిపోతాయి, దారులు ఇంకా పాడవవు. ఒక తేదీ అనుకుని కూర్చోవాలనుకుంటే ఐక్యరాజ్యసమితి శాంతి దినం సెప్టెంబరు 21న, అహింసా దినం గాంధీ పుట్టినరోజైన అక్టోబరు 2న వస్తాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవాళ్లకు శరత్తు వచ్చేది మార్చి, ఏప్రిల్‌లలో కాబట్టి వాళ్లు అప్పుడు పెట్టుకోవచ్చు. దినం ముఖ్యం కాదు, ఎన్నికలకు ఎంత దూరంలో ఉన్నామన్నదే ముఖ్యం. పోలింగుకు ముందు రెండు వారాలు, ఫలితాల తర్వాత రెండు వారాలు అసలు వద్దు. గెలిచినవాళ్లు గాల్లో ఉంటారు, ఓడినవాళ్లు తలెత్తరు. మూడో వారం నుంచి ఆరో వారం దాకా అనువైన సమయం. అంతకన్నా ఆలస్యమైతే బడ్జెట్లు ఖరారైపోతాయి. ఆ తర్వాత చేరే ఉత్తరానికి మర్యాద దక్కుతుందేమో గానీ పని దక్కదు.

ఎవరిని పిలవాలి

ఆరుగురికి తగ్గితే అది కబుర్లు అవుతుంది. పన్నెండు దాటితే సభ అయిపోతుంది, సభలో మనుషులు మాట్లాడరు, ఉపన్యసిస్తారు. తొమ్మిదో, పదో సరైన సంఖ్య. ఏ ఒక్క పార్టీవాళ్లూ సగానికి మించకూడదు. రాజకీయాలంటేనే విసుగెత్తినవాళ్లు ఇద్దరుంటే మంచిది, ఎందుకంటే మిగతావాళ్లు పార్టీ పరిభాషలోకి జారినప్పుడు "అంటే ఏమిటి?" అని అడిగేది వాళ్లే.

ఇలాంటి గుంపు దానంతటదే దొరకదు. పిలిచేవాళ్లు ముగ్గురుంటే, ఒక్కొక్కరూ తమతో రాజకీయంగా పడని ఇద్దరిని తీసుకురావాలి. అదొక్కటే నియమం. తొమ్మిది వచ్చేస్తుంది. ఫోన్ చేసి పిలవండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. గ్రూపులో మొదటి జవాబు వెటకారంగా వచ్చిందంటే తక్కినవాళ్లు దానికి వంత పాడతారు. రావాలనుకున్నవాడు కూడా నోరు మెదపడు. ఫోన్లో మూడు సంగతులు చెప్తే చాలు: ఎంతసేపు, ఎంతమంది, చివరికి ఏం చేస్తాం. "వాదించుకోవడానికి కాదు" అని మొదటే అనకండి. ఆ మాట వింటేనే వాదన గుర్తొస్తుంది.

నడిపే మనిషి ఒకరుండాలి. ఆ మనిషికి రాజకీయ అభిప్రాయం లేకపోవాలనేం లేదు, అలాంటివాళ్లు దొరకరు కూడా. గడియారం చూసి, తనకు నచ్చిన మాటైనా సరే సమయం దాటగానే ఆపగలిగితే చాలు.

రెండుగంటల లెక్క

తొమ్మిదిమందికి తలా 3 నిమిషాలు, రెండు విడతలు: 54 నిమిషాలు. చీటీలు రాసి, చదివి, ఏరడానికి 30. టీకి, కాళ్లు చాచడానికి 10. ఉత్తరం ముసాయిదాకి 25. మొత్తం 119. ఇందులో ఎక్కడా నడుం వాల్చే చోటు లేదు, అందుకే టైమర్ బల్లమీద అందరికీ కనిపించేలా ఉండాలి. సామగ్రి పెద్దగా ఏం లేదు: ఒకే సైజు చీటీలు 27 (మనిషికి మూడు), అన్నీ ఒకే రంగు సిరా పెన్నులు, ఒక పెద్ద తెల్లకాగితం. సిరా రంగు వేరైతే చీటీ ఎవరిదో తెలిసిపోతుంది. తెలిసిందా, ఇక చీటీని కాదు, మనిషినే తూచడం మొదలవుతుంది. కుర్చీలు గుండ్రంగా వేసి, ఎవరెక్కడ కూర్చోవాలో చీట్లు తీయండి. వదిలేస్తే మనుషులు తమవాళ్ల పక్కకే చేరతారు, పది నిమిషాల్లో గదిలో రెండు పక్షాలు తేలతాయి. రికార్డింగులు వద్దు, ఫోటోలు చివర్లో చూసుకోవచ్చు.

మొదటి విడత ప్రశ్న: "ఈ ఏడాది రాజకీయం మీ ఇంట్లోనో, స్నేహంలోనో ఏం తెంపింది? తెగకుండా ఏం మిగిలింది?" మూడు నిమిషాలూ ఒకరే మాట్లాడతారు, తక్కినవాళ్లు వింటారు, జవాబివ్వరు. ఈ విడతలో నాయకుల పేర్లూ పార్టీల పేర్లూ చెప్పకూడదు. పేరు వినపడగానే గదిలో సగం ముఖాలు వెలుగుతాయి, సగం ముడుచుకుంటాయి, ఆ తర్వాత చెప్పింది ఎవరి చెవికీ ఎక్కదు. "ఆ పెద్దమనిషి" అంటూ సైగలతో పేరు చెప్పేవాళ్లు ప్రతిచోటా ఒకరుంటారు. నవ్వి ముందుకు సాగండి.

మూడు నిమిషాలు అయ్యేలోపే మాటలు అయిపోతే ఆ మిగిలిన సమయాన్ని ఇంకొకరికి ఇవ్వకండి. మౌనంగా ఉండనివ్వండి. అరనిమిషం గడిచాక అసలు మాట బయటికి వస్తుంది, చాలాసార్లు ఇలాగే అవుతుంది. మొదట చెప్పేది పేపర్లో చదివింది, తర్వాత చెప్పేది తనది.

రెండో విడతలో పని కాస్త కష్టం. ఇప్పుడు ప్రశ్న "నాయకుడి నుంచి మీకేం కావాలి, ఎందుకు?" కానీ తన మాట మొదలుపెట్టే ముందు, తనకన్నా ముందు మాట్లాడిన మనిషి ఏం చెప్పారో ఒకటి రెండు వాక్యాల్లో సొంత మాటల్లో చెప్పాలి. ఆ మనిషి "అదే" అంటేనే ముందుకు వెళ్లాలి. "కాదు, నేనన్నది..." అంటే మళ్లీ చెప్పాలి. ఇక్కడ జరిగే తప్పు ఒకే రకం. "ధరలు పెరిగాయని చెప్పారు, కానీ అది అసలు కారణం కాదు" అని అప్పజెప్పడంలోనే ఖండన దూరుస్తారు. "కానీ" దగ్గర ఆపండి. ఆ ఒక్క ముక్క తీసేస్తే చాలు.

ఆశను పనిగా మార్చడం

అసలు పని ఇదే. మిగతాదంతా దీనికి దుక్కి దున్నడం. మనిషికి మూడు చీటీలు, ఒక్కో చీటీలో నాయకుడు చేయాల్సిన ఒక పని. మొదట రాసేవి దాదాపు అన్నీ "శాంతి నెలకొల్పాలి", "అందరినీ సమానంగా చూడాలి" లాంటివే. వాటిని పారేయొద్దు, గుచ్చి గుచ్చి అడగండి:

"ప్రజలందర్నీ ఒక్కటి చేయాలి."
"చేశాడని మనకెలా తెలుస్తుంది?"
"తనకు ఓటేయనివాళ్లతో కూడా మాట్లాడతాడు."
"ఎక్కడ మాట్లాడతాడు?"
"వాళ్లుండే చోటికే వెళ్లాలి. ఆఫీసుకి పిలిపించుకోవడం కాదు."
"ఎన్నిసార్లు? ఎప్పటిలోగా?"
"మూడు నెలల్లో రెండుసార్లు. అడగాల్సిన ప్రశ్నలు ముందే ఏరిపెట్టుకోకూడదు."

ఆరు మాటల్లో కోరిక కాస్తా పని అయింది. ప్రతి చీటీనీ మూడు జల్లెళ్లలో వేయండి. కెమెరాకి దొరికే పనేనా? గడువుందా? రేపు మనకు నచ్చని పార్టీ గెలిచినా ఇదే అడుగుతామా? ఈ మూడోదాంట్లో సగం చీటీలు రాలిపోతాయి. "ఫలానా కేసు తిరగదోడాలి" అన్న చీటీ ప్రత్యర్థి నాయకుడి మీద కాబట్టే రాశాం, మనవాడి మీదైతే రాయం. అది ఆశ కాదు, లెక్క తేల్చుకోవడం. దానికి వేరే చోటుంది.

ఏం అడగొచ్చో తోచకపోతే చరిత్రలో నిజంగా జరిగిన పనులు చూడండి. దక్షిణాఫ్రికాలో 1994లో మండేలా ప్రభుత్వం ఏర్పడ్డప్పుడు ఐక్యత అన్నది ప్రసంగాల్లోనే కాదు, తాత్కాలిక రాజ్యాంగంలోనూ ఉంది. 400 స్థానాల సభలో 20 గెలిచిన ఏ పార్టీకైనా మంత్రివర్గంలో చోటు అడిగే హక్కు, 80 గెలిచినవాళ్లకు ఉపాధ్యక్షుణ్ణి పెట్టుకునే హక్కు. అలా నిన్నటిదాకా అధ్యక్షుడిగా ఉన్న డి క్లెర్క్, మండేలా కింద ఉపాధ్యక్షుడయ్యాడు. అంటే "పెద్దమనసు చూపండి" అని అడక్కండి, "సంఘాల్లో, కమిటీల్లో ప్రతిపక్షానికి ఇన్ని స్థానాలు" అని అడగండి. 1947 ఆగస్టులో నెహ్రూ తొలి మంత్రివర్గంలో అంబేడ్కర్‌కు న్యాయశాఖ, శ్యామాప్రసాద్ ముఖర్జీకి పరిశ్రమలు, సరఫరాల శాఖ, షణ్ముఖం చెట్టికి ఆర్థికశాఖ దక్కాయి. ముగ్గురూ కాంగ్రెస్‌వాళ్లు కారు. ముఖర్జీ 1950లో, అంబేడ్కర్ 1951లో రాజీనామా చేసి బయటికి వచ్చారనేదీ అంతే నిజం. కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన అభిప్రాయాలు కలిసిపోవు. ఎవరూ అలా అనుకోకూడదు కూడా.

కట్టు మరీ బిగిస్తే ఏమవుతుందో ఉత్తర ఐర్లండ్ చూపిస్తుంది. బ్రిటన్‌తోనే ఉండాలనే పక్షానికీ ఐర్లండ్‌తో కలవాలనే పక్షానికీ మధ్య కుదిరిన 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం ఇద్దరు ముఖ్యులకు, ఫస్ట్ మినిస్టర్‌కూ డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్‌కూ, సమానాధికారం ఇచ్చింది. పేరులో డిప్యూటీ ఉన్నా పవర్‌లో తేడా లేదు. ఒకరు దిగిపోతే రెండోవారు కూడా కొనసాగలేరు. ఇరుపక్షాలకూ నమ్మకం కలగడానికి పెట్టిన కట్టుబాటే 2017 జనవరి నుంచి 2020 జనవరి దాకా మూడేళ్లపాటు ప్రభుత్వాన్ని పడుకోబెట్టింది. అయినా ముప్పై ఏళ్ల హత్యాకాండ తర్వాత ఆ ఒప్పందం తెచ్చిన మార్పు తీసిపారేసేది కాదు. దీన్నుంచి చీటీలకు పనికొచ్చేదేమిటంటే: కలిసి పనిచేయమని అడిగితే, పొత్తు చెడినప్పుడు పని ఆగకుండా ఎవరు చూస్తారో కూడా అడగాలి.

ఏరేటప్పుడు ఓటింగ్ వద్దు

చీటీలన్నీ కలిపి ఒకరు చదువుతారు. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: "దీనికింద సంతకం పెట్టలేనివాళ్లు ఉన్నారా?" ఒక్కరు చెయ్యెత్తినా చీటీ పక్కకు. కారణం చెప్పమని అడగొచ్చు, ఒత్తిడి చేయకూడదు. మాట మారిస్తే ఒప్పుకుంటామంటే అక్కడికక్కడే మార్చి మళ్లీ చదవండి. చేతులెత్తించి మెజారిటీ చూశారంటే, బయట అయిన ఎన్నికలనే గదిలో మళ్లీ పెట్టినట్టు. ఐదుగురు గెలుస్తారు, నలుగురు వచ్చిన దారిన పోతారు, ఉత్తరం అయిదుగురి కరపత్రం అవుతుంది.

ఇలా ఏరితే 27లో మూడో, నాలుగో మిగులుతాయి. ఒక్కటే మిగిలినా నష్టం లేదు, ఒక్కటే రాయండి. ఐదు దాటితే తగ్గించండి, ఎందుకంటే చదివేవాళ్లు వాటిల్లో తేలికైనదాన్ని పట్టుకుని దానికే జవాబిస్తారు.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఇంకోటుంది. శాంతి పేరుతో దెబ్బతిన్నవాళ్లనే నోరు మూయించడం. ప్రభుత్వ నిర్ణయం వల్ల ఇల్లో, ఉద్యోగమో పోయిన మనిషి గదిలో ఉంటే, "ఇప్పుడు పాతవి తవ్వుకోవద్దు" అనే గొంతు ఎక్కడో లేస్తుంది. ఆ గొంతుని ఆపండి. 1865 మార్చి 4న లింకన్ రెండోసారి పదవి చేపడుతూ చేసిన ప్రసంగం సుమారు 700 మాటలే. అమెరికా అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు. "ఎవరిపట్లా ద్వేషం లేకుండా, అందరిపట్లా దయతో" అన్న ముగింపు అందరూ చెప్పుకుంటారు. కానీ అంతకు ముందు పేరాలోనే ఆయన బానిసల చేత రెండువందల యాభై ఏళ్లు జీతం లేకుండా చేయించిన చాకిరీ గురించి మొహమాటం లేకుండా చెప్పాడు. తప్పును పేరుపెట్టి చెప్పాకే దయ మాట వచ్చింది. ఆ వరస తలకిందులు చేస్తే విన్నవాళ్లకు ఒళ్లు మండుతుంది, అది న్యాయమే.

ఉత్తరం

ఒక్క పేజీ, 250 మాటలు మించొద్దు. ఒకరు రాస్తారు, ఒకరు పైకి చదువుతారు. నమూనా ఇది:

"గౌరవనీయులైన సభ్యులకు,

మేం తొమ్మిదిమందిమి. మా ఓట్లు ఒకే పార్టీకి పడలేదు. కొందరం మీకు వేశాం, కొందరం వేయలేదు. నవంబరు 28 సాయంత్రం కూర్చుని మాట్లాడుకున్నాక, కింది మూడు విషయాల్లో మా అందరి మాటా ఒకటేనని తేలింది.

1. మార్చి 31లోగా, మీకు తక్కువ ఓట్లు పడ్డ ప్రాంతాల్లో రెండు బహిరంగ సమావేశాలు పెట్టండి. ప్రశ్నలు ముందే ఏరకుండా, అక్కడికక్కడ చీట్లు తీసి అడగనివ్వండి.

2. మీ పార్టీవాళ్లు ఎవరైనా ఎదుటిపక్షం మనిషిని కొట్టినా, బెదిరించినా 24 గంటల్లో మీ పేరుతో ఖండన ఇవ్వండి.

3. మీ చేతిమీదుగా ఖర్చయ్యే నిధులు ఏ ప్రాంతానికి ఎంత వెళ్లాయో ఆరు నెలలకోసారి ప్రకటించండి.

జనవరి 15లోగా జవాబు కోరుతున్నాం. మాలో ఇద్దరం వచ్చి కలవగలం."

ఇందులో అన్నిటికన్నా బరువున్న వాక్యం "మా ఓట్లు ఒకే పార్టీకి పడలేదు" అన్నదే. నాయకుల దగ్గరికి వచ్చే ఉత్తరాలను చదివేవాళ్లు మొదట చూసేది మనవాళ్లా కాదా అని. ఇది ఏ దొంతరలోనూ పడదు, అందుకే ఇంకోసారి చదవాల్సి వస్తుంది. రెండో అంశం కింద, ఖండనలో "రెండువైపులా తప్పుంది" అనే ముక్క రాకూడదని చేర్చాలని కొందరికి అనిపిస్తుంది. చేర్చొచ్చు, గానీ దానికి కూడా తొమ్మిదిమందీ ఒప్పుకోవాలి. విశేషణాలు కొట్టేయండి: "దారుణమైన", "చారిత్రక", "మీ అమూల్యమైన". పొగిడినా తిట్టినా చదివేవాడికి మన పార్టీ తెలిసిపోతుంది.

సంతకాల్లో ఊరూ పేరూ రాయడం మామూలుగా సరే. సంతకం వల్ల ఎవరికైనా హాని ఉందనిపిస్తే అసలు పంపొద్దు, గుంపు కూర్చోవడం దగ్గరే ఆగండి. ఊరికే కూర్చోవడం కూడా వృథా కాదు. 1989 అక్టోబరు 9న అప్పటి తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో సుమారు 70 వేల మంది రోడ్డెక్కి, "హింస వద్దు" అంటూ ఒక్క రాయీ విసరకుండా తిరిగి వెళ్లారు. ఆ ఊరేగింపుకు పునాది అక్కడి నికొలాయ్ చర్చిలో 1982 నుంచి సోమవారం సోమవారం జరుగుతూ వచ్చిన చిన్న శాంతి ప్రార్థనల్లో ఉంది. ఏళ్ల తరబడి అవి చాలావరకు కొద్దిమందితోనే నడిచాయి.

ఉత్తరం ప్రతి ఒకటి ఓడిన అభ్యర్థికీ పంపండి. ఇది చాలామంది మర్చిపోయే పని. కలపడం గెలిచినవాడి ఒక్కడి చేతిలో లేదు, ఓటమిని ఎలా ఒప్పుకున్నారన్న దానిమీదా ఉంది. 2008 నవంబరు 4 రాత్రి ఫీనిక్స్‌లో, అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓడిన మెకెయిన్ ఒబామా పేరెత్తగానే సొంత కార్యకర్తలు గోల చేస్తే, చేతులు చాచి వాళ్లను ఊరుకోబెట్టి, గెలిచినందుకు ఆయన్ను అభినందించాడు. ఓడిన అభ్యర్థికి రాసే ప్రతిలో రెండో అంశం అలాగే ఉంచి, ఒకటీ మూడూ తీసేయొచ్చు.

పంపాక

గడువు దాకా ఆగండి. రాకపోతే వారంలో ఒకసారి ఫోను, ఇంకో వారానికి రెండో ప్రతి, దానిమీద "మొదటి ఉత్తరం తేదీ ఫలానా" అని. మూడోసారి ఇద్దరు వెళ్లాలి, ఆ ఇద్దరూ వేర్వేరు పార్టీలకు ఓటేసినవాళ్లు కావాలి. ఒకే పార్టీవాళ్లిద్దరు వెళ్లారా, అప్పటిదాకా చేసిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అచ్చువేసిన కృతజ్ఞతా పత్రం వస్తే దాన్ని జవాబుగా లెక్కించకండి. మూడు అంశాల్లో దేనికి ఏం చెప్పారో లేకపోతే అది రశీదు మాత్రమే. ఉత్తరాన్ని ఎవరో సోషల్ మీడియాలో పెట్టేసి "చూశారా, మా నాయకుణ్ణి నిలదీశాం" అని రాయడం కూడా తరచూ జరిగేదే. గడువు దాటే వరకు ఎవరూ పెట్టకూడదని సంతకాల రోజే మాట తీసుకోండి.

వచ్చే వసంతంలో ఆ తొమ్మిదిమందే అరగంట కలవాలి. పెద్దకాగితం మీద మూడు గళ్లు: అయింది, సగం, కాలేదు. మన పార్టీ నాయకుడు "కాలేదు"లో పడితే, ఆ గడిలో రాసే చెయ్యి మన పార్టీవాళ్లదే కావాలి.

పక్కన పెట్టేసిన చీటీలను చింపకండి. కవరులో వేసి, తేదీ రాసి, నడిపిన మనిషి దగ్గర ఉంచండి. మళ్లీ శరత్తులో కూర్చున్నప్పుడు కొత్తవి రాసేముందు వాటిని తెరవండి. పోయినేడు చెయ్యెత్తి ఆపినవాళ్లే ఒకటో రెండో తీసి ముందు పెడతారు.